గొంతుల పెట్టె

ఫ్యాను తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది, ఈసారి కాస్త ఎక్కువసేపు, ఇహ ఫర్వాలేదు లాప్‌టాప్ లేస్తుంది అని అనూరాధ లోపల ఆశ తలెత్తేంతసేపు, తిరిగి తిరిగి టక్కున ఆగిపోయింది. రిపేరు చేస్తున్న జయకృష్ణ నాలుకతో చిన్న చప్పుడు చేశాడు. ఆ చప్పుడు ఆమెకి నచ్చలేదు. మొహాలు కనబడనివాళ్లకి ఇలాంటి చప్పుళ్లే మొహాలు. ఆరేళ్ల వయసులో వచ్చిన జ్వరం చూపు పట్టుకుపోయినప్పటినుంచీ అనూరాధ వాటినే చదువుకుంటూ వస్తోంది, పళ్లు కొరికితే ఒక మొహం, ముక్కుతో గాలి వదిలితే ఇంకో మొహం, ఈ నాలుక చప్పుడేమో డాక్టరు రోగి బంధువుల్ని పక్కకి పిలిచేముందు చేసేదిలా ఉంది, ఛ, అలా అనుకోకూడదు, నిన్న శ్రీకాకుళంలో చూసినతను ఈ మాత్రం చప్పుడు కూడా చెయ్యలేదు, మూత తెరిచి, మూసి, ఫార్మాట్ కొట్టెయ్యాలండి, లోపలున్నవన్నీ పోతాయి, సాయంత్రానికి ఇచ్చేస్తాను అన్నాడు, చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తానన్నంత తేలిగ్గా. లోపలున్నవన్నీ! అవేమిటో అతనికేం తెలుసు పాపం. వద్దని చెప్పి లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చేసింది, రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున్నే బస్సెక్కి ఇంత దూరం విజయనగరం వచ్చింది.

ఈ కొట్టు సగం కిరాణా, సగం కంప్యూటర్లు. గంటస్తంభం దగ్గర వాళ్ల నాన్న నడుపుతున్న పచారీ దుకాణానికి మధ్యలో చెక్క అడ్డం కొట్టించి, ఇవతలి సగంలో జయకృష్ణ రిపేర్లు పెట్టుకున్నాడు. చెక్క మనుషుల్ని ఆపుతుందిగాని వాసనల్ని ఆపదు కదా, ఇంగువ, ఎండుమిరపకాయలు, బెల్లం దిమ్మలు అన్నీ పైనుంచి దూకి వచ్చేస్తున్నాయి, వాటి మధ్య వేడెక్కిన తీగల వాసన. ఈ వాసన అనూరాధకి పాతదే. కాలేజీ రోజుల్లో దీపిక పుస్తకం తెరిస్తే పేజీల్లోంచి ఇదే ఇంగువ వచ్చేది. దీపిక జయకృష్ణ చెల్లెలు. ఇప్పుడు శృంగవరపుకోటలో కాపురం. నిన్న సాయంత్రం ఫోన్లో సంగతి చెబుతూ అనూరాధ ఏడిస్తే అవతల అదీ ఏడ్చి, ముక్కు చీదుకుని, "మా అన్నయ్య దగ్గరికి వెళ్లు, ఇంకెవడి చేతుల్లోనూ పెట్టకు" అంది. పుట్టింటి పసుపూ కుంకుమా పంపినంత నమ్మకంగా అన్నయ్య దగ్గరికి పంపింది. అలాంటి స్నేహితురాలు ఉన్నందుకు ఎవరికి దండం పెట్టాలో అనూరాధకి ఎప్పుడూ తెలియలేదు.

పక్కన స్టూలు కిర్రుమంది. అత్త కదిలింది. ఎండుచేపల వాసన కొంచెం ఇటు వచ్చి, మళ్లీ అటు వెళ్లిపోయింది. బుల్లమ్మ పొద్దున్నుంచీ నోరు విప్పలేదు. బుల్లమ్మ నోరు విప్పకపోవడమంటే మామూలు సంగతి కాదు, కళింగపట్నం ఒడ్డున ఆవిడ బేరమాడితే అలల అవతలి తెప్పలో వాడు ధర తగ్గిస్తాడని చెప్పుకుంటారు, అలాంటి మనిషి బస్సులో కిటికీ పక్కన కూర్చుని కండక్టరుతో కూడా తగువు పెట్టుకోలేదు. ఒళ్లో సంచి పెట్టుకుని దాని పిడి మెలిపెడుతూ కూర్చుంది, మెలిపెట్టిన చప్పుడు శ్రీకాకుళం దాటినా ఆగలేదు. అత్త అంటే రెండు విధాలా అత్తే, మొగుడి తల్లి, మేనత్త కూడా, నాన్న సొంత అక్క. ఆ చప్పుడు ఆపమని చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, ఏమని చెప్పాలి, నీ తప్పేం లేదని చెబితే నమ్మదు, నమ్మకపోగా ఏడుస్తుంది, ఏడిస్తే బస్సంతా వినబడుతుంది.

ఆదివారం మధ్యాహ్నం అది. లాప్‌టాప్ ఏదో అప్‌డేట్ ఉందంది, చెయ్యమని అనూరాధ నొక్కింది. తెరమీది అక్షరాలు చదివి వినిపించే గొంతు ఒకటి ఉంటుంది అందులో, ఆడదో మగదో చెప్పలేని మర గొంతు, దానికి తెలుగు పలకడం రాదు, "కళింగపట్నం" అనమంటే నోట్లో రాయి పెట్టుకున్నట్టు అంటుంది, అయినా అదే ఆమె కన్ను. పని పూర్తయ్యేదాకా కరెంటు తియ్యొద్దని ఆ గొంతే చెప్పి తను మూగైపోయింది. అప్‌డేట్ అవుతున్నంతసేపూ అంతే, ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, మాట ఉండదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కొత్తది వేయించాలి వేయించాలి అనుకుంటూ నెట్టుకొస్తోంది, బండి అంతా గోడలో ప్లగ్గు మీదే. సరే అని స్నానానికి వెళ్లింది. నెత్తిమీద రెండు చెంబులు పోసుకుందో లేదో సముద్రం మీద ఉరుము. ఆ ఇంట్లో ఉరుము వినబడితే ఒక పద్ధతి ఉంది. పక్కనున్న అసిరమ్మగారింట్లో పిడుగు దిగి టీవీ పేలిపోయిన ఏడాది నుంచి బుల్లమ్మ పెట్టిన పద్ధతి. ముందు వసారాలో ఉన్న ఇనుమూ స్టీలూ లోపలికి. తరవాత "అర్జునా, ఫల్గుణా" అని గట్టిగా, సముద్రంలోకి వేటకెళ్లిన కొడుక్కి వినబడేంత గట్టిగా. ఆ పిలుపు మధ్యలోనే గోడలవెంట నడుస్తూ ప్లగ్గులన్నీ టపటపా పీకెయ్యడం. ఫ్రిజ్జుదీ, టీవీదీ, ఫోనుదీ, అన్నిటికంటే ముందు కోడలి పెట్టెది. పీకింది. పీకి ఊరుకోలేదు, తన పాత నేతచీరలో చుట్టింది. చుట్టి ఊరుకోలేదు, బియ్యం డ్రమ్ములో పెట్టి మూత వేసింది. ఆ మూత మీద తను కూర్చుంది. తడి జుట్టుతో బయటికొచ్చిన అనూరాధ ఫ్యాను చప్పుడు వినబడక గోడ తడుముకుంటుంటే ఎదురుగా డ్రమ్ము మీదనుంచి గర్వంగా వినబడింది, "నీ పెట్టెకేటీ అవలేదే అమ్మా, పదిలంగా నా కిందే ఉన్నాది."

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. నవ్వొస్తున్నందుకు సిగ్గేస్తోంది. పిడుగు పడితే ముందు పోయేది డ్రమ్ము మీద కూర్చున్న మనిషే, ఆ సంగతి ఆవిడకి తెలియదా, తెలుసు. కోడలి పెట్టె తరవాతే తన ప్రాణం అని లెక్క వేసుకుని కూర్చుంది. అలాంటి మనిషిని ఏమనగలం.

జయకృష్ణ లాప్‌టాప్ అడుగు మూత మరలు విప్పుతున్నాడు. ఒక్కో మర పళ్లెంలో టింగుమని పడుతోంది. తరవాత ఏదో సన్నగా, గలగలా, మరలు కాదు, ఇంకా తేలికైనవి. అతని చేతులు ఆగాయి.

"అమ్మా అనూరాధా, లోపల బియ్యం ఉన్నాయేంటమ్మా?"

సంచి పిడి చప్పుడు ఆగిపోయింది. బస్సెక్కిన తరవాత మొదటిసారి బుల్లమ్మ గొంతు వినబడింది, అదీ గొణుగుడుగా. "నానే బాబూ. నానే ఎట్టినాను. ఉరుము ఉరిమినాదని పీకి డ్రమ్ములో ఎట్టినాను. దాని సదువంతా నానే సంపేసినాను."

"అలాగనకండి అమ్మా. మా నాన్న ఉరిమితే కొట్టు మెయినే కట్టేస్తాడు, నా కస్టమర్ల మిషన్లు ఎన్ని పోయాయో," అని నవ్వి, జయకృష్ణ బ్రష్షుతో గింజలు ఊడ్చాడు. అడ్డం అవతలనుంచి పెద్దాయన గొంతు సవరించుకోవడం వినబడింది, అది తన ఊసు వినబడిందని తెలియజేసే మొహం. జయకృష్ణ గొంతు తగ్గించాడు. "పెన్‌డ్రైవ్ పెట్టి, సగంలో తెగిన అప్‌డేట్‌ని వెనక్కి తిప్పాలని చూస్తాను చెల్లీ. టైము పడుతుంది. ఏం మిగిలిందో అది లేస్తేగాని చెప్పలేను. లేవకపోతే మాత్రం ఫార్మాటే."

కాపీలు లేవా అని అతను అడగలేదు, దీపిక చెప్పే ఉంటుంది. ఉండేవి, సీడీల నిండా, హుద్‌హుద్ తుఫాను నాడు ఇంట్లోకి వచ్చిన నీళ్లు పట్టుకుపోయాయి, ఆ తరవాత మళ్లీ చేసుకోవాలి చేసుకోవాలి అనుకుంటూనే, బ్యాటరీలాగే, అదీ అలాగే. ఫ్యాను తిరుగుతోంది. ఈసారి ఆగలేదు. ఆగొద్దు తల్లీ. తిరుగు. నీ లోపల ఎవరెవరున్నారో నీకు తెలియదు, దీపిక ఉంది, డిగ్రీ మూడేళ్లూ హాస్టలు మెట్లమీద కూర్చుని చరిత్రా, రాజనీతీ, అర్థశాస్త్రం అన్నీ చదివి రికార్డు చేసిన దీపిక, తన పరీక్షకి తను చదువుకోవలసిన వేళల్లో ఇంకొకరికోసం పైకి చదివిన దీపిక, జలుబు చేసినా చదివింది, ప్రేమలో పడి దెబ్బతిన్న వారం కూడా చదివింది, గుప్తుల స్వర్ణయుగం పాఠం మధ్యలో ఏడుపు ఆపుకున్న చోటు అనూరాధకి ఇప్పటికీ కంఠస్థం. నాన్న ఉన్నాడు. అప్పలసూరి మూడో తరగతితో బడి మానేసి సముద్రానికెళ్లినవాడు, కూతురు సెలవులకి ఇంటికొస్తే చదివిపెట్టేవాళ్లు లేరని వలలు బాగుచేసుకునే చోట పుస్తకం ఒళ్లో పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు, "క... ళిం... గ... యు... ద్దం", చదివి ఆగి, "మనూరిదేనేటే ఇది" అని ఆశ్చర్యపోయి, మళ్లీ ఒక్కో మాటా లాగి లాగి వల పైకి చేదినట్టు చేది, చివర్న అశోకుడు పశ్చాత్తాపపడ్డాడని చదివి పుస్తకం మూసేసి, "అంతమందిని సంపేసినాక ఏడిస్తే ఏటి లాబం" అన్నాడు. అది పాఠంలో లేదు, పిల్లలకి మాత్రం అనూరాధ ఇప్పటికీ చెబుతుంది, సోషల్ టీచరు ఉద్యోగంలో చేరిన మొదటి వారమే చెప్పింది, నాన్న ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు, ఆయన మాట ఇక్కడ యాభై మంది పిల్లల మీద పనిచేస్తోంది. మరగొంతులు తరవాత వచ్చాయి, పుస్తకం పెడితే చదివే మిషన్లూ వస్తాయంటున్నారు, రానీ. ఏడుపు ఆపుకుంటూ గుప్తుల గురించి చెప్పే మిషను రాదు. కళ్లు లేవని ఊరంతా జాలిపడేది, ఎన్ని కళ్లు తనకోసం పనిచేశాయో లెక్కపెట్టి చూసుంటే అసూయపడేవాళ్లు. అవన్నీ ఈ పెట్టెలో ఉన్నాయి. ఉన్నాయో, లేవో.

"ఒసే అనూ," బుల్లమ్మ ఒంగి చెవి దగ్గరికొచ్చింది. "అందులో ఎవులెవుల గొంతులున్నాయే?"

"దీపికది ఉంది అత్తా. నాన్నది. కాలేజీలో ఒక మేడంది."

"అంతమంది నీకు సదివి ఎట్టినారు." ఆవిడ ఊపిరి వదిలింది. "నానొక్క అచ్చరం సదివినానా? నాకు రాదు గదా. మీ నాన్న పాటి కూడా రాదు. అందరూ పోసినారు, నాను పారబోసినాను. ఆ పీకుడొక్కటే నాను నీకు సేసిన సాయం."

కాదు అత్తా, అని అనూరాధ నోరు తెరిచింది, అసలు సంగతి చెప్పబోయింది, సరిగ్గా అప్పుడే ఫ్యాను ఆగిపోయింది. మొత్తం ఆగిపోయింది. అవతల కిరాణాలో త్రాసు పళ్లెం కిందికి దిగిన చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. జయకృష్ణ ఏమీ అనలేదు. నాలుక చప్పుడూ లేదు. అతను మాట్లాడకపోతే అతని మొహం ఎక్కడుందో కూడా తెలియదు. బుల్లమ్మ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది, ఉప్పుకి గరుకెక్కిన చెయ్యి. ఈ చెయ్యి ఏం చెయ్యలేదు? చూపులేని పిల్లని ఎవడు చేసుకుంటాడని బంధువులు నసుగుతుంటే, "నా కొడుక్కి సూపున్నాది గదా, ఈడేటి సూసి ఉద్ధరించినాడు" అని కొండబాబుని అందరిముందూ తిట్టి, ఆ తిట్లతోనే సంబంధం ఖాయం చేసిన మనిషి. కాపురానికొచ్చిన రోజు చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించింది, ఇదిగో బిందె, ఇదిగో గడప, ఇదిగో మీ మావ కొట్టిన దిక్కుమాలిన మేకు, ఆ రోజు ఏది ఎక్కడుందో అది ఈ రోజుకీ అక్కడే ఉంది. ఎవరైనా బిందె జానెడు జరిపితే ఆవిడ ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరుస్తుంది. ఇంట్లోకి వచ్చేటప్పుడు "నానొస్తన్నాను" అని చెప్పుకుంటూ వస్తుంది, సొంత ఇంట్లో, తన వాకిట్లో, చుట్టంలాగా చెప్పుకుంటూ. ఒక్క రోజు మరిచిపోలేదు. పోనీ పెట్టె పోతే పోనీ. అంతా పోతే పోనీ. ఆ మాట మనసులో అనుకుందిగాని పోనీ అనడం అంత తేలిక కాదు, నాన్న వల చేదినట్టు చదివిన అశోకుడు, హాస్టలు మెట్లమీద దీపిక, వాళ్లు మళ్లీ చదవగలరు, ఆ వయసులో చదవలేరు కదా. అయినా ఈ చెయ్యి మీద మాత్రం కోపం రావడం లేదు. వెతికి చూసుకుంది, ఎక్కడా లేదు.

ఫ్యాను తిరిగింది. మెల్లిగా, తడబాటు లేకుండా. ఆ తరవాత రాగం. లాప్‌టాప్ లేచేటప్పుడు మోగే ఆ నాలుగు ముక్కల రాగం, రోజూ విని విసుగెత్తినది. జయకృష్ణ గట్టిగా ఊపిరి వదిలాడు, వదిలి నవ్వాడు. ఆ వెనకే మరగొంతు వచ్చింది, నోట్లో రాయి పెట్టుకుని, ఎప్పటిలాగే తప్పుగా, "అ-నూ-ర-ద" అంది. తన పేరు ఇంత అందంగా ఎవరూ పలకలేదనిపించింది.

"లేచింది చెల్లీ! అప్‌డేట్ వెనక్కిపోయింది. నువ్వే చూసుకో, ఫైళ్లన్నీ ఉన్నాయో లేదో." అతను లాప్‌టాప్‌ని ఆమె ముందుకి తిప్పాడు. వేళ్లు మీటల మీదికి వాటంతట అవే వెళ్లాయి. మరగొంతు ఒక్కో పేరూ చదువుకుంటూ వచ్చింది, డిగ్రీ ఉంది, నాన్న ఉంది, టీచరు పరీక్ష ఉంది. పైపైన పేర్లుండి లోపల ఖాళీగా ఉంటే? అత్త చెయ్యి ఇంకా మణికట్టు మీదే ఉంది. ఒక్క క్షణం ఆలోచించి టీచరు పరీక్షలోకి వెళ్లింది, తనకి కావలసిన పాఠం ఎక్కడుందో తెలుసు, నొక్కింది.

దీపిక గొంతు కొట్టు నిండా వచ్చింది. వెనకాల అలల హోరు. తన పెళ్లయిన తరవాత మొదటి వేసవి అది, టీచరు పరీక్షకి చదివిపెట్టడానికి దీపిక పెట్టె సర్దుకుని కళింగపట్నం వచ్చేసి బుల్లమ్మ ఇంట్లో ఉండిపోయింది. "వందేమాతరం ఉద్యమం కారణంగా విదేశీ వస్తువుల బహిష్కరణ..." అడ్డం అవతల త్రాసు చప్పుడు ఆగింది. కూతురి గొంతు పెద్దాయన చెవిన పడింది. "...బహిష్కరణ, స్వదేశీ వస్తువుల వాడకం..." అక్కడ, సరిగ్గా అక్కడే, దూరంనుంచి ఒక కేక, దగ్గరవుతూ, తలుపు కిర్రుమని, ఇంకా దగ్గరై:

"నానొస్తన్నాను! ఒసే అనూ, కూడు సల్లారిపోతన్నాది, లెగు. ఆ షావుకార్ల పిల్లనీ లెగమను. పప్పు నీసు తగలని కొత్త కుండలో ఒండినాను, నెత్తళ్ల చేపలు పెరట్లో ఎట్టినాను, వాసనెక్కడా రాదు, భయపడొద్దను. సదువెక్కడికీ పారిపోదు, కూడైతే సల్లారిపోతాది."

పాఠంలో దీపిక పకపకా నవ్వింది. కొట్టులో ఎవరూ నవ్వలేదు. మణికట్టు మీది చెయ్యి బిగిసింది.

"అది..." బుల్లమ్మ గొంతు సన్నగా వచ్చింది. "అది నానేనేటే?"

"నువ్వే అత్తా. ఆ వేసవిలో రికార్డు చేసిన ప్రతి పాఠంలోనూ ఉన్నావు. దీపిక నీ మాటలు కత్తిరించేద్దామంది, నేనే వద్దన్నాను. పరీక్ష హాల్లో నాకు జవాబు గుర్తురాకపోతే నువ్వు ఎక్కడ పిలిచావో గుర్తు తెచ్చుకునేదాన్ని. నెత్తళ్ల దగ్గర స్వదేశీ ఉద్యమం. నువ్వు పిల్లిని తరిమిన చోట బెంగాల్ విభజన. నువ్వు చదవకపోవడమేంటి? నీ పిలుపులు పట్టుకునే నేను పాసయ్యాను."

బుల్లమ్మ చీరకొంగు ముక్కుకి అదుముకున్న చప్పుడు. అడ్డం అవతలనుంచి పెద్దాయన గొంతు వచ్చింది, "ఆ నెలంతా మా అమ్మాయి ఏం తింటోందోనని నేను బెంగపెట్టుకున్నానమ్మా. కొత్త కుండ కొన్నావని నాకెవరూ చెప్పలేదు." దానికి బుల్లమ్మ, "సెప్పేదేటున్నాది బాబూ, పిల్ల తినాలి గదా" అంది, అని ఆ ఊపులో పొద్దున్నుంచి బాకీ పడ్డ మాటలన్నీ మొదలుపెట్టింది, కుండ ఎక్కడ కొన్నదీ, దీపిక ఎంత తిన్నదీ, ఆ పిల్ల ఒళ్లు చేసి వెళ్లిన సంగతీ. అనూరాధ వింటూ కూర్చుంది. జయకృష్ణ ఈలోపు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి చేతిలో పెట్టాడు, కొత్త బ్యాటరీ రెండ్రోజుల్లో తెప్పిస్తానన్నాడు. ఎన్ని చేతులు, ఎన్ని గొంతులు, తను ఒక్కతే అని ఏనాడైనా అనుకుందా? అనుకునే ఉంటుంది, కాలేజీ మొదటి ఏడాది, ఎప్పుడో. అప్పటి ఆ ఒంటరి పిల్లని పిలిచి ఇక్కడ ఈ స్టూలు మీద కూర్చోబెడితే బావుండును.

ఎక్కడో కోట వైపు ఆకాశం గుర్రుమంది. పిచ్చాపాటీ టక్కున ఆగింది. స్టూలు వెనక్కి జరిగింది, ఎండుచేపల వాసన గోడవైపు ఒక్క అంగలో వెళ్లిపోయింది. వేళ్లు ప్లగ్గుని పట్టుకున్న చప్పుడు అనూరాధకి తెలుసు, ప్లాస్టిక్ గోడకి కొంచెం తగులుతుంది. అక్కడే ఆగింది. ఇంకో ఉరుము, ఈసారి దగ్గరగా. అయినా వేళ్లు కదలలేదు. ఉరుము ఉరిమినా బుల్లమ్మ ప్లగ్గు పీకకుండా నిలబడటం ఆ ఇంటి చరిత్రలో లేదు.

"ఒసే అనూ, పీకమంటావేటి, ఒద్దంటావేటి? నువ్వు సెప్పు. నువ్వు సెప్పినదాకా నాను ముట్టుకోను."

"ఉండత్తా, ఒక్క నిమిషం." అనూరాధ పాఠం మూసింది. లాప్‌టాప్‌ని పద్ధతిగా ఆపమంది. మరగొంతు వీడ్కోలు చెప్పింది, రాగం మోగింది, ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించి, ఎవరూ ఆపకుండా తనంతట తను ఆగింది. అరచెయ్యి దాని మీద ఆనించి చూసుకుంది. గోరువెచ్చగా ఉంది.

"ఇప్పుడు పీకు అత్తా."

బుల్లమ్మ పీకింది. తీగ చుట్టింది, సంచిలోంచి పాత నేతచీర తీసి లాప్‌టాప్‌ని అందులో మడతలు మడతలుగా చుట్టి కోడలి ఒళ్లో పెట్టింది. ఆ తరవాత నిలబడి, గంటస్తంభం దాకా వినబడేలా, "అర్జునా, ఫల్గుణా" అంది.